రాయగా రాయగా వచ్చే ధైర్యం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"రాయాలని ఉందండీ, కానీ ధైర్యం చాలడం లేదు." ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. పేరంటాల్లో విన్నాను, రైలు పెట్టెలో విన్నాను, రేషను షాపు దగ్గర వరసలో నిలబడి కూడా విన్నాను. పైకి చెప్పనివాళ్ళు ఇంకెందరో. మీలో కూడా కొందరు ఉండే ఉంటారు. చాకలిపద్దు పుస్తకం చివరి పేజీల్లో నాలుగు ముక్కలు రాసుకుని, అడుగుల చప్పుడు వినగానే పుస్తకం మూసేసినవాళ్ళు ఉన్నారా లేదా చెప్పండి?

ఒకప్పుడు నేనూ ఆ బాపతే. నా మొదటి కథ ఒక పత్రికకి పంపితే నెల తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆ కవరు చూసి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు మరీ కష్టంగా తోచింది. కథని ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున పెట్టేసి రెండేళ్ళు కాగితం ముట్టుకోలేదు.

మా ఇల్లు జాలరిపేటకి దగ్గర. విశాఖపట్నం అంటే అందరికీ ఓడలూ, ఉక్కూ గుర్తొస్తాయి. పోర్టు 1933లో తెరిచారు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఈ రెంటికంటె ముందునుంచీ ఈ ఒడ్డున ఉన్నవాళ్ళు జాలర్లు. మగవాళ్ళు తెల్లవారకుండా సముద్రం మీదికి పోతారు. వాళ్ళు తెచ్చిన చేపల్ని గంపలకెత్తి, వీధి వీధీ తిరిగి అమ్మి, డబ్బు చేసుకుని వచ్చేది ఆడవాళ్ళు. అలా మా వీధికి చేపలు తెచ్చే ముసలమ్మ ఒకామె ఉండేది. పిల్లలంతా ఆమెని మామ్మా అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఒకనాడు నేను అరుగుమీద కాగితాలు ముందేసుకుని ఊరికే కూర్చున్నాను. మామ్మ గంప దించి, "ఏటమ్మా, అలాగ కూకుండిపోనావు?" అంది.

"ఏదో రాద్దామని మామ్మా. ధైర్యం రావడం లేదు" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "దైర్నం ఒచ్చినాక సంద్రంలోకి ఎల్దాం అని గట్టుమీద కూకుంటే మా మగోళ్ళు ఏనాడు ఎల్తారమ్మా? ఎల్తే ఒత్తాది. ఎల్లగా ఎల్లగా అదే ఒత్తాది" అంది.

అక్షరం ముక్క రాని మనిషి. కానీ ఆ మాట విన్నాక మన రచయిత్రుల చరిత్ర తిరగేస్తే, ప్రతి పేజీలోనూ ఆమె చెప్పినదే కనిపించింది నాకు. ముందు ధైర్యం, తరవాత రాత అనుకుంటాం మనం. వాళ్ళ విషయంలో ముందు రాత, ఆ వెనక ధైర్యం. ఆ సంగతే మీకు చెప్పాలని ఇవాళ వచ్చాను.

మొదట మొల్లని తలుచుకుందాం. సుమారు పదహారో శతాబ్దం నాటి మనిషి అని చెబుతారు. రామాయణం మొదలుపెడుతూ ఆవిడ ఏమందో తెలుసా? నాకు శాస్త్రాలు రావు, వ్యాకరణం, ఛందస్సు నేర్చుకోలేదు అని చెప్పుకుంది. మనం "నాకేం వచ్చండీ" అంటాం చూడండి, సరిగ్గా అదే. తేడా ఎక్కడంటే, మనం ఆ మాట అని లేచి వంటింట్లోకి పోతాం. ఆవిడ ఆ మాట అని, కాండ తరవాత కాండ రాసి రామాయణం పూర్తిచేసింది. ఆ వినయం ఎవరికీ గుర్తు లేకపోయినా ఫరవాలేదు. రామాయణం మటుకు నిలిచింది.

"మొల్ల అంటే మహాకవయిత్రి, మా సంగతి వేరు. మాకు కాగితం పట్టుకునే తీరికే ఉండదు" అంటారేమో. సరే, కాస్త బెంగాలు దాకా వెళ్ళొద్దాం. రాససుందరీదేవి అని ఒక ఇల్లాలు ఉండేది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న పబ్నా ప్రాంతంలో పుట్టింది. పన్నెండేళ్ళకి పెళ్ళి. పెద్ద కాపురం, వరసగా కాన్పులు. ఆ కాలంలో ఆడది చదివితే విధవరాలవుతుందని లోకం నమ్మేది. ఆవిడకి మాత్రం చైతన్య భాగవతం తన కళ్ళతో తాను చదువుకోవాలని కోరిక. భర్త చదువుకునే పుస్తకంలోంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచింది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి సంపాదించింది. ఈ ఆకులో అక్షరం, ఆ ఆకులో అక్షరం పక్కపక్కన పెట్టి పోల్చుకుంటూ, కూర అడుగంటకుండా చూసుకుంటూ, ఒక్కొక్క అక్షరమే గుర్తుపట్టింది. ముందు చదవడం వచ్చింది. రాయడం వచ్చింది చాలా ఏళ్ళ తరవాత. 1876లో ఆవిడ ఆత్మకథ అచ్చయింది. బెంగాలీలో వచ్చిన తొలి ఆత్మకథగా దాన్ని చెప్పుకుంటారు. తీరిక దొరికినప్పుడు చేద్దామనుకుంటే ఆ పుస్తకం పుట్టేదేనా?

ఇక మన తెలుగుదేశానికి వద్దాం. భండారు అచ్చమాంబ గారి కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఆవిడ పేరు వినని వాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

1874లో కృష్ణాజిల్లా నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆరేళ్ళకే తండ్రి పోయారు. పదేళ్ళకి మేనమామ భండారు మాధవరావు గారికి రెండో పెళ్ళిగా ఇచ్చి చేశారు. అత్తవారిల్లు చూస్తే ఎక్కడో మధ్యపరగణాల్లో. చుట్టూ మాట్లాడే భాష తెలుగు కాదు. బడికి వెళ్ళిన పాపాన పోలేదు. ఆవిడకి అక్షరం అందింది తమ్ముడి వల్ల. తండ్రి పోయాక తల్లీ, తమ్ముడూ కూడా ఆవిడ దగ్గరే ఉండేవారు. తమ్ముడు చదువుకుంటుంటే తనూ పక్కన కూర్చుంది. ఆ తమ్ముడే తరవాత విజ్ఞానచంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు. అలా తెలుగు నేర్చింది, హిందీ నేర్చింది, ఆపైన మరాఠీ నేర్చింది. ఆయన పెద్ద పండితుడయ్యాడంటే కాలేజీలు ఉన్నాయి. ఆవిడకి ఉన్నది దీపమూ, పట్టుదలా.

కడుపున పుట్టిన బిడ్డలు దక్కలేదు. అంతటి దుఃఖం వచ్చినప్పుడు మనిషి గోడకి తిరిగి పడుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ పుస్తకాలు ముందేసుకున్నారు. ఆడవాళ్ళు స్వభావం చేతనే అబలలు, బుద్ధిలేనివాళ్ళు, చదివిస్తే చెడిపోతారు అని ఆనాటి పెద్దమనుషులు సభల్లో చెబుతుండేవారు. దానికి ఆవిడ కోపంగా జవాబు చెప్పలేదు. చరిత్రలో రాజ్యాలేలిన వాళ్ళనీ, యుద్ధాలు చేసిన వాళ్ళనీ, చదువుల్లో పేరు పొందిన వాళ్ళనీ వెతికి వెతికి, ఒక్కొక్కరి జీవితమే రాసుకుంటూ పోయారు. అదే 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. 1901లో వీరేశలింగం పంతులుగారి 'చింతామణి' పత్రికలో వెలువడడం మొదలయింది. వాదించి గెలవవలసిన చోట ఆవిడ పని చేసి గెలిచారు.

కథలూ రాశారు. 1902 నవంబరులో 'హిందూసుందరి' పత్రికలో 'ధనత్రయోదశి' అనే కథ వచ్చింది. పండగ పూట, చేతిలో డబ్బు లేని సంసారం. భర్త మనసు తప్పుదారిన పోయి యజమాని సొమ్ము ఇంటికి తెస్తాడు. భార్య ఆ సొమ్ము తాకనని, తిప్పి ఇచ్చేదాకా ఊరుకోదు. చూశారా, ఎంత మన ఇంట్లో జరిగినట్టుందో! కథకోసం ఆవిడ ఎక్కడికో పోలేదు. పండగ ఖర్చు, ఇరుకు సంసారం, ఆలుమగల మధ్య నడిచే నాలుగు మాటలు. అంతే.

ఆ ఏడే బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టారు. ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళని కూడగట్టి ఉపన్యాసాలిచ్చారు. పదేళ్ళ వయసులో పరభాషల మధ్య కాపురానికి పోయిన పిల్ల, వేదికెక్కి మాట్లాడే మనిషి అయింది. ఆ ధైర్యం ఒక్కనాడు ఊడిపడలేదు. పేజీ తరవాత పేజీ రాయగా రాయగా కూడుకున్నది. 1905 జనవరిలో ఆవిడ కన్నుమూశారు. నిండా ముప్ఫై ఏళ్ళు. రత్నమాలలో తలపెట్టిన మిగతా భాగాలు అలాగే ఉండిపోయాయి.

ఆ తరవాత జరిగింది వినండి. తెలుగులో తొలి కథ ఏదంటే 1910 నాటి గురజాడ వారి 'దిద్దుబాటు' అని చాలాకాలం పాఠాల్లో చెప్పుకున్నాం. అంతకు ఎనిమిదేళ్ళ ముందే 'ధనత్రయోదశి' ఉందన్న సంగతి మరుగున పడింది. దశాబ్దాలు గడిచాక, పాత పత్రికల కట్టలు దులిపి పరిశోధకులు ఆ కథల్ని బయటికి తీశారు. తొలి కథ ఏదన్న చర్చ పండితులు ఇంకా చేసుకోవచ్చు. మనం గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. ఆవిడ ఆ కథ రాసి పంపకుండా పెట్టెలో పెట్టుకుని ఉంటే వెతికేవాళ్ళకి ఏం దొరికేది? నా ట్రంకుపెట్టె నాకు గుర్తొచ్చిందంటే అప్పుడే.

రాస్తే సరిపోతుందా, బాగుండవద్దా అంటారు. నిజమే. దానికి జాలరిపేట ఇసకలోకే మళ్ళీ వెళదాం. మధ్యాహ్నంపూట అక్కడికి వెళితే, మగవాళ్ళు వలలు ఒళ్ళో వేసుకుని తెగిన చోటల్లా అల్లుకుంటూ కనిపిస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. ఆ రోజుల్లో ఈ పని మరీ ఎక్కువ. వల తెగిందని ఎవడూ సిగ్గుపడడు. తెగింది కాబట్టి వృత్తి మానుకుంటానని ఎవడూ అనడు. వేటలో అల్లిక కూడా ఒక భాగం.

రచనలో ఆ అల్లిక పని ఎలా ఉంటుందో చూడాలంటే గురజాడ అప్పారావు గారిని చూడాలి. ఆయన మన విశాఖ సీమ మనిషే. 1862లో రాయవరంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు. జనం మెచ్చారు. 1897లో పుస్తకంగా అచ్చయింది. ఇంకొకరైతే అక్కడితో కాలుమీద కాలేసుకుని కూర్చుందురు. ఆయన మళ్ళీ విప్పారు. మధురవాణిని పెంచారు, సన్నివేశాలు కలిపారు, మాటలు మార్చారు. ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా ఆ పని వదలలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఈనాడు మనం తలుచుకుని నవ్వుకునే కన్యాశుల్కం ఆ రెండోదే. మెచ్చుకోలు వచ్చిన తరవాత కూడా పన్నెండేళ్ళకి దిద్ది చూపించిన మనిషి ఆయన. మన మొదటి చిత్తుప్రతి చూసుకుని మనం అంత బెంగపడడం ఎందుకు?

ఆయన దగ్గర ఇంకో పాఠం ఉంది. ఆ నాటకంలో మనుషులు ఇంట్లో, వీధిలో మాట్లాడినట్టే మాట్లాడతారు. గ్రాంథికమే భాష అని పండితులు గట్టిగా పట్టుబట్టిన రోజులవి. "నాకు మంచి భాష రాదండీ" అనే అమ్మాయిలకి నేను చెప్పేది అదే. మీరు పాలవాడితో బేరమాడే భాష, పిల్లాణ్ణి బుజ్జగించే భాష, అత్తగారికి ఎదురుచెప్పలేక మనసులో అనుకునే భాష, అదే మీ భాష. ఇందాక మామ్మ మాట నేను పుస్తకాల భాషలోకి మార్చి చెబితే అందులో ఉప్పు మిగిలేదా?

ఇక తిరిగొచ్చిన కవర్ల సంగతి. ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ ఇరవై ఒకటో ఏట ఒక నవల రాసింది. 1797లో తండ్రి ఒక ప్రచురణకర్తకి ఉత్తరం రాసి, పంపమంటారా అని అడిగాడు. ఆయన వ్రాతప్రతి చూడకుండానే వద్దన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. దాన్ని దగ్గర పెట్టుకుంది, దిద్దింది, వేరే నవల పూర్తిచేసింది. 1811లో ఆ వేరే నవల అచ్చయింది, అదీ తన పేరు లేకుండా, 'ఒక స్త్రీ రాసినది' అని మాత్రమే వేసి. వద్దనిపించుకున్న నవల 1813లో వచ్చింది. అదే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. పదహారేళ్ళు! ఒక ప్రచురణకర్త వద్దన్నాడంటే ఆ ఒక్కడు ఆ ఒక్కరోజు వద్దన్నాడని అర్థం. అంతకుమించి అర్థాలు మనమే తీసుకుని మనసు పాడుచేసుకుంటాం.

చివరగా, మనలో చాలామంది ఇళ్ళల్లోకి వారం వారం వచ్చిన మనిషి మాలతీ చందూర్ గారు. ఆవిడ కాలేజీ మెట్టెక్కలేదు. 1952లో 'ఆంధ్రప్రభ' వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా నడిపారు. వంట అడిగితే వంట చెప్పారు, మనసు బాధ అడిగితే దానికీ జవాబు చెప్పారు. మరోపక్క నవలలు రాశారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నలభై ఏళ్ళంటే ఎన్ని వారాలో లెక్కవేసుకోండి. రెండువేలు దాటుతాయి. అందులో జ్వరం వచ్చిన వారాలుండవా? చుట్టాలు దిగిన వారాలుండవా? రాయబుద్ధి కాని వారాలుండవా? అయినా వారం తిరిగేసరికి శీర్షిక వచ్చింది. ఉత్సాహం ఉన్ననాడు ఎవరైనా రాస్తారు. లేనినాడు కూడా రాయడమే అలవాటు.

ఇదంతా విని, "సరే, రేపటినుంచి రోజుకి పది పేజీలు" అని శపథం పట్టకండి. అలాంటి శపథాలు పిల్లల పరీక్షలదాకా కూడా నిలవవు. చిన్న పద్ధతి చెబుతాను. ఒక నోటుబుక్కు వేరే పెట్టుకోండి. చాకలిపద్దుతో కలపకండి. అందులో రోజూ పది వాక్యాలు రాయండి. ఇవాళ కూరగాయల మార్కెట్లో విన్నమాట, నిన్న బస్సులో చూసిన ముఖం, మీ అమ్మ చెప్పిన పాత సంగతి, ఏదైనా సరే. రాసింది అదేరోజు చదివి తిట్టుకోకండి. వారం ఆగి చదివితే ఎక్కడ తెగిందో మీకే కనిపిస్తుంది, అక్కడ అల్లుకోవచ్చు. మొదలుపెట్టినదాన్ని ఎంత అధ్వాన్నంగా ఉన్నా చివరిదాకా రాయండి. సగం రాసిన మంచి కథలు పదికంటె, పూర్తయిన మామూలు కథ ఒకటి మీకు ఎక్కువ నేర్పుతుంది. పూర్తయ్యాక నమ్మకమైన ఒక్క మనిషికి చదివి వినిపించండి. తమ్ముడు కావచ్చు, పక్కింటి పిన్నిగారు కావచ్చు.

మధ్యలో కాన్పులు వస్తాయి, పెళ్ళిళ్ళు వస్తాయి, ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడతారు. నెలల తరబడి నోటుబుక్కు మూతపడవచ్చు. దానికి "ఇక నావల్ల కాదు" అని పేరు పెట్టకండి. అది వేట ఆపిన కాలం అనుకోండి. జూన్ వస్తుంది, బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది.

నా కథ ఏమయిందని అడుగుతారేమో. మామ్మ మాట విన్న సాయంత్రమే ట్రంకుపెట్టె తెరిచాను. ఆ కథ తిరగరాసి మళ్ళీ పంపితే మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇప్పటికీ అది అచ్చు కాలేదు. కానీ ఈసారి కవరు చూసి ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఇంకో కథ మొదలుపెట్టాను. ఆ రెండోది అచ్చయింది. పత్రిక చేతికి వచ్చిననాడు మామ్మకి చూపించాను. ఆమె అచ్చులో నా పేరు ఉన్నచోట వేలుపెట్టి, "ఇదేనా నువ్వు?" అని అడిగింది. అవునన్నాను. "మరి రేపటికి ఏటి రాత్తావు?" అంది.

మామ్మ ఇప్పుడు లేదు. ఆ ప్రశ్న మాత్రం రోజూ పొద్దున్నే నా గుమ్మంలో గంప దించుతూనే ఉంది. దాన్నే ఇవాళ మీకు అందజేస్తున్నాను. రేపటికి మీరు ఏం రాస్తారు?

ఇక సెలవు.